మండపేట ప్రాంతం: వలసలు, స్థిరపాటు

రామచంద్రపురం, అనపర్తి, ఆలమూరుల నడుమ ఉన్న మండపేట వరికీ, రైసు మిల్లులకూ, కోళ్ల ఫారాలకూ పేరున్న పట్టణం. ఈ పనుల్లో బయటివాళ్ల చెయ్యి మొదటి నుంచీ ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగు పెరిగింది. ఊడ్పులకు, కోతలకు విశాఖపట్నం వైపు నుంచి కూలీలు వచ్చేవారు. కొందరు పని అయ్యాక తిరిగి వెళ్లకుండా ఇక్కడే గుడిసెలు వేసుకున్నారు. మాట్లాడేది తెలుగే కాబట్టి బడి, గుడి, సంత వాళ్లకు త్వరగానే అలవాటయ్యాయి. ఉత్తరాంధ్ర యాసను ఎకసెక్కం చేయడం మాత్రం ఆగలేదు. మన సినిమాలు ఆ పని నేటికీ చేస్తూనే ఉన్నాయి.

గోదావరి వాళ్లు కూడా ఎక్కడికీ కదలకుండా కూర్చోలేదు. కాకినాడ, కోరంగి రేవుల నుంచి రంగూన్ వెళ్లి ఓడల్లో సరుకు మోశారు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అయినా అక్కడివాళ్లు వీరిని ‘కోరంగీలు’ అని వేరుగానే చూశారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె చివరికి బర్మీయులతో నెత్తుటి ఘర్షణగా మారింది. 1942లో జపాను దాడితో వేలమంది అడవిదారుల్లో కాలినడకన తిరిగొచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత కోస్తా రైతులు కర్ణాటకలో తుంగభద్ర కాలవల కింద గంగావతి, సింధనూరు వైపు భూములు కొన్నారు. అక్కడ వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. డబ్బున్న వలస కూడా వేరుగానే కాపురం పెట్టిందన్నమాట.

ఇటీవలి దశాబ్దాల్లో మండపేట చుట్టుపక్కల ఫారాల్లో, మిల్లుల్లో ఒడిశా, బీహారు, బెంగాల్ కార్మికులు పనిచేస్తున్నారు. వీళ్లలో చాలామందికి బస పనిచేసే ఆవరణలోనే. ఇరుగుపొరుగు ఏర్పడే వీలు తక్కువ. పాత కూలీలకు అలవాటైన ఆ బడి, గుడి, సంతల బతుకు వీళ్లకు దక్కలేదు.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చినా, 2020 లాక్‌డౌన్‌లో జనం సొంతూళ్లకు నడిచిపోయే దాకా వాళ్ల సంగతి చాలామందికి పట్టలేదు. ఏ ఊరి కార్డుతోనైనా ఉన్నచోటే రేషను తీసుకునే పద్ధతిని 2019లో మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఓటుకు ఆ వెసులుబాటు లేదు. ఉన్నచోటి నుంచే ఓటు వేసే యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది గానీ, అది అమలులోకి రాలేదు.