టేల్స్ ఫ్రమ్ ద మాస్ ఐస్లీ కాంటీనా

టేల్స్ ఫ్రమ్ ద మాస్ ఐస్లీ కాంటీనా స్టార్ వార్స్ చిత్రాల ఆధారంగా వెలువడిన ఆంగ్ల వైజ్ఞానిక కల్పనా కథల సంకలనము. కెవిన్ జె. ఆండర్సన్ సంపాదకత్వంలో బాంటమ్ సంస్థ దీనిని 1995లో ప్రచురించింది. ఇందులో పలువురు రచయితలు వ్రాసిన 16 కథలు ఉన్నాయి.

నేపథ్యము

1977లో విడుదలైన మొదటి స్టార్ వార్స్ చిత్రంలో, టాటూయిన్ అనే ఎడారి గ్రహం మీది మద్యశాలలో ల్యూక్, ఒబీ-వాన్‌లు హాన్ సోలోను కలుసుకుంటారు. అక్కడ కనిపించే వింతజీవులలో చాలామందికి చిత్రంలో మాటలు లేవు, పేర్లూ వినబడవు. ఈ కథలు వారివే.

కథలు

వాద్యబృందము, మద్యం పోసేవాడు, గ్రీడో మొదలైనవారికి వేర్వేరు కథలు ఉన్నాయి. సుత్తి వంటి తల గల మొమా నాడన్ కథను డేవ్ వుల్వర్టన్ వ్రాసాడు. తనవారిని కాపాడడానికి వ్యవసాయ రహస్యాలను సామ్రాజ్యానికి తెలిపి, అందుకే తనవారిచేత వెలివేయబడినవాడు ఇతడు. ఈ కథ చదివిన తరువాత చిత్రం చూస్తే, క్షణకాలం కనిపించే ఆ ముఖము కేవలం అలంకారంగా తోచదు.

తరువాతి కాలము

2014లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ ఈ కథలను 'లెజెండ్స్' విభాగంలో చేర్చింది. దీనితో ఇవి అధికారిక కథాక్రమంలో భాగం కాకుండా పోయాయి. అయితే ఈ పద్ధతి నిలిచింది. మొదటి చిత్రానికి 40 ఏళ్ళు నిండిన సందర్భంగా 2017లో వెలువడిన 'ఫ్రమ్ ఎ సర్టెన్ పాయింట్ ఆఫ్ వ్యూ' అనే 40 కథల సంకలనము కూడా ఎక్కువగా చిన్న పాత్రల దృష్టి నుండే సాగుతుంది.