సర్కారు ప్లీడరు ఎవరి ప్లీడరు?



పోయిన భాగం చదివి ఒక లా విద్యార్థి అడిగాడు: "అన్నా, అడ్వకేట్ జనరల్‌గా ఎవరిని పెడితే మన పేటకేంటి?" కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి కోర్టుల చుట్టూ తిరిగే మనవాళ్లకి ఆ ప్రశ్న చిన్నది కాదు.

మన మీద దాడి జరిగితే కేసు నడిపేది మనం కాదు, రాష్ట్రం. మన తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రభుత్వం పెట్టిన మనిషి. రాష్ట్ర లా అధికారుల్లో అందరికన్నా పైవాడు అడ్వకేట్ జనరల్. రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం ఆయన్ని గవర్నర్ నియమిస్తారు, గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలమే ఉంటారు. గవర్నర్ నడిచేది మంత్రివర్గం సలహా మీద. 1948 ముసాయిదాలో ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే అడ్వకేట్ జనరల్ కూడా దిగిపోవాలని రాసి ఉంది. తుది రాజ్యాంగంలో ఆ మాట తీసేశారు. ఆచరణలో మాత్రం అదే నడుస్తోంది. మన రాష్ట్రంలో 2019లో ప్రభుత్వం మారింది, అడ్వకేట్ జనరల్ మారారు. 2024లో మళ్లీ మారింది, మళ్లీ మారారు. ఏ పార్టీకీ ఇది తప్పనిపించలేదు.

ఇప్పుడు మన చరిత్రలోకి రండి. కోనసీమ కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం గారు 1985లో హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ ఏడు జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తారకం గారు ఆ పదవి వదిలేసి బయటికొచ్చారు, దళిత మహాసభకు అధ్యక్షుడయ్యారు. ఆ రాజీనామాను మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఒక్కటి ఆలోచించండి: నిజాయితీ ఉన్నవాడు కుర్చీ దిగితేగానీ మన పక్కన నిలబడలేకపోతే, తప్పు ఆ కుర్చీని కట్టిన తీరులో ఉంది.

ఈ సంగతి చుండూరు బాధితులకు తెలుసు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని పోగొట్టుకున్నవాళ్లు, కోర్టు మా ఊళ్లోనే పెట్టాలన్నారు, మేం నమ్మిన ప్లీడరే కావాలన్నారు. పోరాడి రెండూ సాధించారు. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ గారు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ వదిలేసింది. కాబట్టి మంచి ప్లీడరు దొరికితే చాలని నేననను. కానీ ఆ ప్లీడరే లేకపోతే 2007 తీర్పు దాకా కూడా వచ్చేవాళ్లం కాదని నా నమ్మకం.

"ప్రభుత్వం తన వకీలును తను ఎంచుకోకూడదా?" అంటారు. ఎంచుకోవచ్చు. కానీ అడ్వకేట్ జనరల్ పార్టీ వకీలు కాదు, రాజ్యాంగ పదవిలో ఉన్న మనిషి. జీతం ఇచ్చేది ప్రజల ఖజానా. పంజాబ్, హర్యానా లా అధికారుల కేసులో 2016లో సుప్రీంకోర్టు, నియామకాలకు పారదర్శకమైన పద్ధతి ఉండాలని చెప్పింది.

మనం అడగాల్సినవి మూడు. ప్రతిపక్ష నాయకుడు, హైకోర్టు ప్రతినిధి ఉన్న ఎంపిక కమిటీ. నిర్ణీత పదవీకాలం, తీసేస్తే రాతపూర్వకంగా కారణం. లా అధికారుల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా.

అంతదాకా చేతిలో ఉన్నది వాడుకోండి. అత్యాచార నిరోధక నిబంధనలు, 1995లోని 4(5) ప్రకారం బాధితులు కోరితే కలెక్టరు గానీ ఆర్డీవో గానీ పేరున్న సీనియర్ న్యాయవాదిని ఫీజు ఇచ్చి పెట్టొచ్చు. కొవ్వూరులో ఆర్డీవో ఆఫీసు ఉంది. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

జై భీమ్.