విగ్రహానికి వంశావళి: కళాఖండాల వర్తకుడి కథ

ధనవంతుడొకడు తన ఇంట చోళుల కాలపు కంచు విగ్రహం ఒకటి ఉండాలనుకుంటాడు. విదేశీ మ్యూజియం ఒకటి తన భారతీయ శిల్పాల గదిలో లోటు పూడ్చుకోవాలనుకుంటుంది. ఇద్దరి దగ్గరా డబ్బుంది. కాని వస్తువు ఎక్కడ దొరుకుతుందో, దొరికినది అసలో నకలో, దానికి ఎంత ఇవ్వవచ్చునో తెలియదు. ఈ లోటు తీర్చేవాడే కళాఖండాల వర్తకుడు. వస్తువును వెతకడం, అసలుతనం నిర్ధారించడం, ధర కట్టడం అతని పనులు. నాలుగో పని మరొకటుంది. ఆ వస్తువు ఎక్కడ పుట్టి, ఏయే చేతులు మారి తన దగ్గరకు వచ్చిందో చెప్పడం. వర్తకులు దీన్ని ప్రొవెనెన్స్ అంటారు. మన మాటల్లో వస్తువు వంశావళి అనుకోవచ్చు. దక్షిణ భారత శిల్పాల విషయంలో గత నూరేళ్ల చరిత్రను పరిశీలిస్తే, ఈ నాలుగో పనిలోనే వర్తకుడి నిజాయితీ గాని, మోసం గాని బయటపడుతుంది.

ఈ కథకు ఒక ముఖ్యమైన ఘట్టం పుదుచ్చేరిలో మొదలైంది. యానాం కూడా ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఆ రోజుల్లో, అక్కడి కళాశాలలో గాబ్రియెల్ జూవో-దుబ్రెయ్ అనే ఆచార్యుడు ఉండేవాడు. పల్లవుల కట్టడాల మీద, దక్కను ప్రాచీన చరిత్ర మీద విలువైన గ్రంథాలు రాసిన పండితుడు. 1926 ప్రాంతంలో కాంచీపురం పరిసరాల్లో ఆయనకు పదో శతాబ్ది నాటివని భావించే యోగినుల రాతి శిల్పాలు దొరికాయి. అవి పారిస్‌లో సి.టి.లూ అనే వర్తకుడికి చేరాయి.

లూ చైనాలోని జెజియాంగ్ ప్రాంతంలో 1880లో పుట్టాడు. యౌవనంలో పారిస్ చేరి, 1915 నాటికి న్యూయార్కులో కూడా దుకాణం తెరిచాడు. తూర్పు దేశాల శిల్పాన్ని ఐరోపా, అమెరికా సంపన్నులకు అలవాటు చేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు. అందమైన కేటలాగులు వేయించేవాడు. ఏ మ్యూజియానికి ఏది నప్పుతుందో ఎరిగి చూపేవాడు. నిలవున్న సరుకు అమ్మడం ఒక్కటే కాక, కొనేవారికి అభిరుచి నేర్పడం కూడా ఆయన వృత్తిలో భాగమైంది. పాశ్చాత్య దేశాల్లో భారతీయ శిల్పానికి గౌరవం పెరగడంలో ఇలాంటి వర్తకుల పాత్ర ఉందని ఒప్పుకోవాలి.

అయితే జరిగిన నష్టం కూడా చిన్నది కాదు. యోగినుల విగ్రహాలు ఒక గుడిలో గుంపుగా పూజలందుకునేందుకు చెక్కినవి. వర్తకుడికి గుంపుకన్నా విడివిడిగా అమ్మడమే లాభం. కనుక అవి పారిస్, లండన్, టొరంటో, వాషింగ్టన్, డెట్రాయిట్ వంటి నగరాలకు చెదిరిపోయాయి. వాటి గుడి ఎక్కడ ఉండేదో ఈనాటికీ నిశ్చయంగా తేలలేదు. ఎగుమతి మీద నేటి చట్టాల వంటి కట్టడి లేని కాలమది. అందువల్ల దీన్ని దొంగతనం అని ఒక్క మాటలో కొట్టిపారేయలేము. కాని విగ్రహంతో పాటు దాని ఊరి పేరు కూడా చెరిగిపోయిందన్నది వాస్తవం.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారింది. 1947లో పురావస్తువుల ఎగుమతిని అదుపు చేసే చట్టం, 1972లో మరింత గట్టిదైన పురావస్తువుల, కళానిధుల చట్టం వచ్చాయి. ఈ రెండోది 1976లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేళ్లు నిండిన శిల్పం, చిత్రం వంటివి పురావస్తువులు. రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. వీటిని అమ్మే వర్తకుడికి లైసెన్సు ఉండాలి. ప్రభుత్వం పేర్కొన్న తరగతుల వస్తువులను స్వంతదారు నమోదు చేయించుకోవాలి. ప్రభుత్వం తప్ప వేరెవరూ వాటిని దేశం దాటించరాదు. దేశంలో లైసెన్సు తీసుకుని చేసే వ్యాపారం తప్పు కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

చట్టం వచ్చాక చాటుమాటు వర్తకానికి వంశావళితో అవసరం మరీ పెరిగింది. శివపురం నటరాజ విగ్రహం కథ ఇందుకు తొలి హెచ్చరిక. తంజావూరు ప్రాంతంలో 1951లో భూమిలో దొరికిన ఈ చోళ విగ్రహాన్ని తరువాత మరమ్మతుకు పంపారు. తిరిగి గుడికి వచ్చింది నకలు. ఊరివారు దానికే పూజలు చేస్తూండగా, బ్రిటిష్ మ్యూజియం పండితుడు డగ్లస్ బారెట్ 1965లో తన గ్రంథంలో అసలు విగ్రహం వేరే చోట ఉందని రాశాడు. ఆ అసలు అమెరికా చేరి, సంపన్న సేకర్త నార్టన్ సైమన్ చేతిలో పడింది. భారత ప్రభుత్వం దావా వేసింది. 1976లో రాజీ కుదిరి, 1986లో విగ్రహం తిరిగి వచ్చింది.

పత్తూరు నటరాజ విగ్రహం కథ ఇంకా విచిత్రమైనది. అప్పటి తంజావూరు జిల్లాలోని ఆ ఊళ్లో శిథిలాలయం దగ్గర 1976లో తవ్వుతున్న ఒక కూలీకి విగ్రహాలు దొరికాయి. చేతులు మారి నటరాజ విగ్రహం లండన్ చేరింది. అక్కడి వర్తకుడు చూపిన తప్పుడు వంశావళిని నమ్మి 1982లో ఒక కెనడా సంస్థ కొన్నది. శుభ్రం చేసేందుకు బ్రిటిష్ మ్యూజియంలో ఉంచినప్పుడు పోలీసులు పట్టుకున్నారు. తీర్పు 1988లో, అప్పీలు తీర్పు 1991లో వచ్చాయి. విగ్రహం మీద ఉన్న మట్టి, చెదల జాడలు పత్తూరు మట్టితో పోల్చి చూశారు. శాసన, శిల్ప పండితుడు ఆర్.నాగస్వామి సాక్ష్యం చెప్పారు. శతాబ్దాలుగా పూజ లేకుండా పడి ఉన్న గుడికి కూడా చట్టరీత్యా వ్యక్తిత్వం ఉందని, తన స్వామిని తిరిగి కోరే హక్కు దానికి ఉందని ఇంగ్లండు న్యాయస్థానం అంగీకరించింది. మన దేవస్థానాల చరిత్రలో ఇది చెప్పుకోదగిన తీర్పు.

ఇటీవలి ఉదంతాల్లో పెద్దది న్యూయార్కు వర్తకుడు సుభాష్ కపూర్‌ది. ప్రముఖ మ్యూజియాలకు దశాబ్దాల తరబడి సరుకు సమకూర్చిన పేరున్న వ్యాపారి ఆయన. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడిలో 2006లో దొంగిలించిన నటరాజ విగ్రహాన్ని 2008లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల ఆయన దగ్గర 50 లక్షల డాలర్లకు కొన్నది. ఆయన చూపిన కాగితాల ప్రకారం అది 1972 చట్టానికి ముందే భారతదేశం దాటింది. ఆ సంవత్సరం ఊరకే ఎన్నుకున్నది కాదని పాఠకులు గ్రహించే ఉంటారు.

ఆ కథను అబద్ధమని తేల్చింది ఒక ఛాయాచిత్రం. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధనా సంస్థ 1955లో ఏర్పడింది. దక్షిణాది గుళ్లను ఊరూరా తిరిగి ఫోటోలు తీయించి, లక్షకు పైగా చిత్రాలు భద్రపరిచింది. ఆ సంస్థ 1994లో తీసిన చిత్రంలో అదే నటరాజ విగ్రహం శ్రీపురందాన్ గుడిలోనే కనిపించింది. 1972కు ముందే దేశం దాటిన విగ్రహం 1994లో గుడిలో ఎలా ఉంటుంది? కపూర్‌ను 2011లో జర్మనీలో అరెస్టు చేశారు, 2012లో భారతదేశానికి అప్పగించారు. విగ్రహాల చోరీ కేసులో 2022లో కుంభకోణం న్యాయస్థానం పదేళ్ల శిక్ష విధించింది. విగ్రహం 2014 సెప్టెంబరులోనే భారతదేశానికి తిరిగి వచ్చింది. 1926లో యోగినుల శిల్పాలు పరదేశం చేరడానికి కారకుడు ఉన్న ఊరు పుదుచ్చేరి. నటరాజును వెనక్కి రప్పించిన సాక్ష్యం దొరికిందీ ఆ ఊళ్లోనే.

తెలుగు నేల కూడా ఈ వర్తకానికి దూరం కాదు. గుండ్లకమ్మ ఒడ్డున, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉన్న చందవరం ప్రసిద్ధ బౌద్ధ క్షేత్రం. అక్కడి మూడో శతాబ్ది నాటి సున్నపురాతి శిల్పం ఒకటి, బుద్ధుని ఆరాధిస్తున్న భక్తుల దృశ్యం, 2005లో కపూర్ ద్వారానే కాన్‌బెర్రా చేరింది. అది చందవరం నుంచి పోయినదేనని ఆధారాలు బయటపడడంతో 2016లో భారతదేశానికి అప్పగించారు. రాష్ట్రం వేరైనా, భాష వేరైనా, శ్రీపురందాన్‌కూ చందవరానికీ జరిగిన అన్యాయం ఒక్కటే. కొన్న దుకాణం కూడా ఒక్కటే.

ఈ చరిత్ర నుంచి వర్తకులందరూ దొంగలని తీర్మానించడం సరి కాదు. నిజాయితీపరుడైన వర్తకుడు వంశావళిలో ఖాళీ కనిపిస్తే ఖాళీ ఉందనే చెబుతాడు, లేదా ఆ వస్తువును ముట్టుకోడు. మోసగాడు ఆ ఖాళీని తన కథతో పూరిస్తాడు. మనం రాసుకోని చరిత్రను మరొకడు రాసి అమ్ముకుంటాడు. ఇదే ఇందులోని సారాంశం.

ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల ఉన్న మన విద్యార్థులకు ఈ విషయం మరింత దగ్గరిది. నాయకరాజుల కాలం నుంచి తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లల్లో, భజన మందిరాల్లో, కులదేవతల గుళ్లలో పాత వస్తువులు ఎన్నో ఉన్నాయి. తంజావూరు చిత్రాలు వేసిన కుటుంబాల్లో తెలుగు మాట్లాడే రాజులు ముఖ్యులు. పాత ఇల్లు కూల్చేటప్పుడు గోడ మీది కృష్ణుడి పటం తక్కువ ధరకు పాతసామాన్ల వ్యాపారి చేతికి పోతుంది. తాళపత్రాల కట్ట అటక దిగి అటే పోతుంది. ఎవరు వేశారో, ఏ పెళ్లికి తెచ్చారో చెప్పగల ముత్తవ్వ పోతే, ఆ వస్తువు ఊరూపేరూ లేనిదవుతుంది. ఊరూపేరూ లేనిదానికి ఏ కథైనా అతికించవచ్చు.

కనుక ఈ సెలవుల్లో మీ ఊరికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. గుడి ధర్మకర్తల అనుమతి తీసుకుని, ప్రతి విగ్రహానికీ ముందు, వెనుక, పక్కల నుంచి ఫోటోలు తీయండి. కొలబద్ద పక్కన పెట్టి ఎత్తు, వెడల్పు రాయండి. పగిలిన వేలు, అరిగిన పీఠం వంటి గుర్తులు ప్రత్యేకంగా నమోదు చేయండి. పీఠం మీద తెలుగు గాని, తమిళం గాని, గ్రంథలిపి గాని ఏ అక్షరాలున్నా నకలు తీసుకోండి. పెద్దలు చెప్పిన మాట వారి మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. ఒక ప్రతి గుడిలో, ఒకటి ఊరి పెద్ద దగ్గర, మరొకటి మీ కళాశాల గ్రంథాలయంలో ఉండనివ్వండి. శ్రీపురందాన్ నటరాజు తిరిగి రావడానికి తోడ్పడింది ఇలాంటి సామాన్యమైన పనే. ఆ రోజు కెమెరా పట్టుకుని గుడిలోకి వెళ్లినవారికి, పన్నెండేళ్ల తరువాత దొంగలు వస్తారని తెలియదు.