చలి వీడని వసంతము: తేనెటీగలను కాచిన ఒక పాదిరిగారి చరిత్ర

వసంతమనగానే మన పల్లెలవారికి వేపపూత, మామిడి పిందె, కోయిల కూత జ్ఞాపకము వచ్చును. ఎండ ముదురుచున్నదని మనము నీడ వెదకుకొందుము. గాని ఉత్తర అమెరికాలోను, ఇంగ్లండులోను, జర్మనీలోను తేనెటీగలను పెంచువారికి వసంతము వేరొక విధముగా వచ్చును. ఫిబ్రవరి చివర రెండు మూడు వెచ్చని దినములు కనబడును. చెట్లు మొగ్గ తొడుగును. అంతలో మార్చిలో మరల మంచు కురియును. కొన్ని సంవత్సరములలో ఏప్రిల్ సగము గడచినను చలి విడువదు. నడి శీతకాలమును దాటి బ్రతికిన తేనెటీగల కుటుంబములు అనేకము ఈ ఆలస్యమైన వసంతములోనే నశించును. డిసెంబరు చలికి చావని ఈగ ఏప్రిల్ చలికి ఏల చావవలెను?

చదువరులారా, ఈ ప్రశ్నకు జవాబు ఎక్కువగా ఆకలిలో నున్నది.

తేనెటీగలు శీతకాలమంతయు నిద్రపోవునని కొందరు తలంతురు. అది నిజము కాదు. బయటి వేడిమి సుమారు 14 డిగ్రీలకు దిగినప్పుడు అవి పట్టుమీద ఒక ముద్దగా చేరును. రెక్కలు కదల్చకుండనే రెక్కల కండరములను వణకించి వేడి పుట్టించుకొనును. వెలుపలి వరుసలోని ఈగలు తలలు లోపలికి పెట్టి, లోపలివారికి దుప్పటివలె నుండును. గూటిలో పిల్లలు లేనంత కాలము కొద్దిపాటి వేడిమి చాలును, తేనె ఖర్చును కొద్దిగానే యుండును. అయితే పగటికాలము పెరుగుచుండగా, బయట ఇంకను మంచు ఉండగానే, రాణి ఈగ గుడ్లు పెట్ట నారంభించును. అక్కడినుండి లెక్క మారిపోవును. పిల్లపురుగులు సరిగా ఎదుగుటకు వాటియొద్ద 34, 35 డిగ్రీల వేడిమి రేయింబగళ్లు నిలువవలెను. ఆ వేడికి తేనె కావలెను, మేతకు పుప్పొడి కావలెను, మేత కలుపుటకు నీరు కావలెను. మన రైతు ఇంట గాదె ఖాళీయగునది సంక్రాంతికి కాదు గదా! ఆషాఢములో, నాట్లకు మనుష్యులు ఎక్కువ కావలసిన దినములలోనే గింజ తరుగును. తేనెటీగల ఇంటిలోను అట్లే జరుగును.

ఇందులో మరియొక చిక్కు కలదు. శరత్కాలములో పుట్టిన కూలి ఈగలు అయిదారు నెలలు బ్రతుకును. వసంతము నాటికి అవి ముసలివి. రాణి నేడు పెట్టిన గుడ్డు కూలి ఈగయై బయటికి వచ్చుటకు 21 దినములు పట్టును. ముసలివి రాలిపోవులోపల పిల్లలు అందిరావలెను. చలి నిలిచిన సంవత్సరములో ముసలి ఈగలు నీటికొరకు బయలుదేరి, దారిలోనే కొయ్యబారి, తిరిగి రావు. దినదినము గూటిలో జనము తగ్గును, కప్పవలసిన పిల్లల గదులు మాత్రము తగ్గవు. వీటన్నిటికంటె దుఃఖకరమైనది ఒకటి చెప్పెదను. జానెడు దూరములో తేనె నిండిన పట్టు ఉండగానే ముద్ద యావత్తు ఆకలితో చచ్చుట కలదు. పిల్లలను విడిచి ఆ జానెడు దూరము జరిగినయెడల పిల్లలు చల్లబడి చచ్చును. కనుక అవి జరుగవు. పెంపకందారుడు తరువాత గూడు తెరచినప్పుడు, ఖాళీ గదులలో తలలు దూర్చి, చివరి చుక్కను వెదకుచు చచ్చిన ఈగలను చూచును.

పూర్వము పెంపకందారునికి దీనిని ముందుగా తెలిసికొను మార్గము బహు స్వల్పము. గడ్డిని త్రాడుగా పేని, చుట్టలుగా కుట్టి, గంపవలె చేసి, బోర్లించి అందులో ఈగలను ఉంచెడివారు. పట్టు గంపకే అంటుకొని యుండును గనుక కోయక చూచుటకు వీలులేదు. గంపను చేతితో ఎత్తి బరువు చూచుకొనుట ఒక్కటే ఉపాయము. తేనె తీయవలసినప్పుడు గోతిలో గంధకము వెలిగించి, దానిపై గంపనుంచి, ఈగలన్నిటిని చంపెడివారు. మిక్కిలి బరువైన గంపలను తేనెకొరకును, మిక్కిలి తేలికయైన వాటిని ఎట్లును వసంతమును చూడవని తలంచియు చంపి, నడిమి రకమును మాత్రము మిగిల్చెడివారు. ఇంగ్లండులో వూటన్ గ్రామపు సంఘకాపరియైన చార్లెస్ బట్లర్ 1609లో తేనెటీగలనుగూర్చి ఒక గొప్ప పుస్తకము ప్రచురించెను. గూటిని ఏలునది రాజు కాదు, ఆడ ఈగయేయని ఆంగ్లేయులకు నొక్కి చెప్పినవాడు ఆయనయే. తరువాత జెనీవాలో ఫ్రాంస్వా హ్యూబర్ అను గ్రుడ్డివాడు, తన సేవకుడైన బర్నెన్సు కన్నులతో చూచి, పుస్తకపు పుటలవలె తెరచుకొను గూటిని కల్పించి, తన పరిశోధనలను 1792లో అచ్చువేయించెను. చూపులేని మనుష్యుడు లోకమునకు తేనెటీగల ఇంటి లోపల చూపించుట చరిత్రలోని వింతలలో ఒకటి. అయినను ఆ గూడు పరిశోధనకే గాని పొలమువారికి అక్కరకు రాలేదు.

ఇప్పుడు మన పాదిరిగారి యొద్దకు వచ్చెదము. లొరెంజో లొరెయిన్ లాంగ్‌స్ట్రాత్ 1810 డిసెంబరు 25న ఫిలడెల్ఫియా పట్టణమున జన్మించెను. యేల్ కళాశాలలో చదివి, 1836లో మసాచుసెట్సు రాష్ట్రమందలి ఆండోవర్‌లో ఒక సంఘమునకు కాపరియయ్యెను. 1838 వేసవిలో ఒక స్నేహితుని ఇంట బల్లమీద గాజుపాత్రలో నున్న తేనెపట్టును చూచి, ముచ్చటపడి, రెండు గూళ్లు కొనుక్కొని ఇంటికి తెచ్చెను. ఆయన శరీరస్థితి మంచిది కాదు. మనస్సు క్రుంగిపోవు వ్యాధి మాటిమాటికి వచ్చి, మాసములకొలది ఆయనను పడవేసెడిది. ప్రసంగము సిద్ధపరచుకొనలేని దినములలో గూళ్లయొద్ద ఆయనకు కొంత ఉపశమనము కలిగెడిది. 1848లో గ్రీన్‌ఫీల్డు సంఘపు పని మానవలసివచ్చి, ఫిలడెల్ఫియాకు తిరిగివచ్చి, బాలికల పాఠశాల నడుపుకొనుచు ఈగలను పెంచెను.

ఆయన కనిపెట్టినది చూచుటకు బహు చిన్న సంగతి. పెట్టె మూతకును లోపలి పట్టు కమ్ములకును నడుమ అంగుళములో ఎనిమిదింట మూడు వంతుల ఎడము విడిచినప్పుడు, ఈగలు ఆ సందును బంకతో మూయక, పట్టుతో నింపక, తమ నడకదారిగా విడిచిపెట్టుచుండెను. సందు అంతకంటె బాగుగా చిన్నదైన బంకపూయును, పెద్దదైన పట్టు కట్టును. 1851 అక్టోబరులో ఒక దినమున ఆయనకు మెరుపువలె తోచినదేమనగా, ఆ ఎడమునే పట్టు కట్టు చట్రము చుట్టును, నాలుగు ప్రక్కల విడిచినయెడల చట్రము పెట్టెకు అంటుకొనదు, కోయకుండ పైకి ఎత్తవచ్చును. 1852 అక్టోబరు 5న ఆ పెట్టెకు పేటెంటు లభించెను. మరుసటి సంవత్సరము ఆయన వ్రాసిన పుస్తకము వెలువడెను. అందులో గాలి ఆడుటనుగూర్చియు, ఈగలకు మేత పెట్టుటనుగూర్చియు విపులముగా వ్రాసెను. గాలి సంగతి ఏలనగా, పొడి చలికంటె తడి వాటికి ఎక్కువ కీడు. ఈగల ఊపిరిలోని ఆవిరి చల్లని మూతకు తగిలి, నీటి చుక్కలై ముద్దమీద పడును.

కదిలే చట్రము వచ్చిన తరువాత చలి వసంతములో పెంపకందారుని పని మారిపోయెను. గాలిలేని ఒక ఎండ మధ్యాహ్నమున రెండు చట్రములు ఎత్తి చూచిన చాలును. తేనె ఎంత మిగిలినది, గుడ్లున్నవా, రాణి బ్రతికియున్నదా అని తెలియును. దూరముగానున్న తేనె చట్రమును ముద్ద ప్రక్కకు జరుపవచ్చును. ఆ జానెడు దూరమును ఈగలు జరుగలేవు గాని మనిషి చేయి జరుపగలదు. బలహీనమైన రెండు కుటుంబములు ఆరోగ్యముగా నున్నయెడల వాటిని ఒకటి చేయవచ్చును.

అయితే తెరువగలిగినవాడు ఊరక తెరచుచుండుట కొత్త ప్రమాదమాయెను. చలిలో మూత ఎత్తినయెడల ఈగలు ఎంతో తేనె కాల్చి నిలిపిన వేడి క్షణములో పోవును. పిల్లలున్న పట్ల నడుమ ఖాళీ చట్రము దూర్చినయెడల ముద్ద రెండుగా చీలి, పిల్లలు చల్లబడి చచ్చును. మేత విషయమును ఇట్టిదే. పలుచని పంచదార పానకము పోసినయెడల, పూలు పూచినవని భ్రమించి ఈగలు చలిలో బయటికి ఎగిరి పడిపోవును. రాణి ఇంకను ఎక్కువ గుడ్లు పెట్టును. మరల మంచు కురిసినప్పుడు తినువారు ఎక్కువ, తిండి తక్కువ. కావున చలి యున్నంతవరకు గట్టిపడిన పంచదార ముద్దను నేరుగా ఈగల ముద్దపైనే పెట్టుదురు. పలుచని పానకము వాతావరణము కుదుటపడిన తరువాతనే. నన్నడిగినయెడల వసంతపు మేతకంటె మేలైనది శరత్కాలమున యజమానుడు తన చేయిని బిగపట్టుకొనుటయే. తేనె తీయునప్పుడు వాటి వాటాను వాటికి విడిచినవానికి మార్చిలో పంచదార కొనవలసిన పని అంతగా నుండదు. దురాశపరునికి ఆ లెక్క ఎన్నటికిని తేలదు.

లాంగ్‌స్ట్రాత్‌గారికి ఈ పెట్టెవలన దొరికిన లాభము స్వల్పము. అనేకులు ఆయనకు రుసుము చెల్లింపకనే పెట్టెలు చేసికొనిరి. 1858లో ఒహాయో రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డునకు మారెను. కుమారుని, 1873లో భార్యను పోగొట్టుకొనెను. వ్యాధి వచ్చిన మాసములలో తనకు మిక్కిలి ప్రియమైన తేనెటీగలమీదనే ఆసక్తి నశించెడిది. తగ్గిన తరువాత మరల గూళ్లయొద్దకు వచ్చి, పని మొదలుపెట్టి, పత్రికలకు వ్యాసములు వ్రాసెడివాడు. వ్యాధి ముదిరినవానిని విశ్వాసము తక్కువైనవాడని అనుట మన సంఘములలో కొందరికి అలవాటు. అట్టివారు ఈ దైవసేవకుని జీవితమును చదువవలెను. 1895 అక్టోబరు 6, ఆదివారమున డేటన్ పట్టణపు ఆలయములో దేవుని ప్రేమనుగూర్చి ప్రసంగము ఆరంభించుచుండగా ఆయన ప్రాణము విడిచెను. అప్పటికి 84 సంవత్సరముల వయస్సు.

ఆ చట్రము మన దక్షిణదేశమునకును వచ్చినది. 1911 మొదలు 1917 వరకు తిరుచిరాపల్లి ప్రాంతమున ఫాదర్ న్యూటన్ అను రోమన్ కతోలిక గురువు, పుట్టలలోను చెట్టు తొఱ్ఱలలోను పట్టు పెట్టు మన ఈగకు తగినట్లు చిన్న చట్రములతో పెట్టె చేయించి, పల్లెవారికి పెంపకము నేర్పెను. దానికి న్యూటన్ పెట్టెయని పేరు నిలిచినది. మన ఈగలకు వసంతము సమృద్ధి కాలము. వాటి ఆకలి కాలము వానలు ముసురుపట్టి పూలు దొరకని మాసములలో వచ్చును. అప్పుడు పడమటి ఈగవలె అది గూటిలోనే ఉండి చచ్చునది కాదు. మేత లేదని తోచినయెడల కుటుంబమంతయు పెట్టె విడిచి లేచిపోవును. అందుచేత వానకాలమున పెట్టె వెనుక అంచు వారమునకొకసారి చేతితో ఎత్తి బరువు చూచుదురు. తేలికగా తోచినయెడల ప్రొద్దు గ్రుంకిన తరువాత పానకము లోపలనే పెట్టుదురు. పగలు పెట్టినయెడల ప్రక్క గూళ్ల ఈగలు వాసన పట్టి దోపిడికి వచ్చును. పెట్టె కాళ్లక్రింద నీళ్ల చిప్పలు ఎండకుండ చూచుకొందురు, చీమలకును పానకము తీపియే గదా!