కావలివాని మేర

పూర్వము తెలుగు పల్లెలలో పంట కళ్ళమునకు వచ్చిన వేళ గ్రామపు కావలివానికి రైతులు మేర కొలిచి యిచ్చెడివారు. కావలివాడు ఒక్క ఆసామి గింజలే తిన్నచో ఆ యొక్కని చేనినే కాయునేమో యను శంక మిగిలినవారికి కలుగుట సహజము. ఇట్టి శంకయే, ఇట్టి తగవే, దాదాపు డెబ్బది యేండ్లుగా వియన్నా నగరమున ప్రపంచరాజ్యముల నడుమ సాగుచున్నది. అచ్చటి కావలివాడు అంతర్జాతీయ పరమాణుశక్తి సంస్థ. శాంతికార్యములకని చెప్పిన యురేనియము, ప్లూటోనియములు బాంబులకు మళ్ళకుండ లెక్కలు చూచుట దాని ముఖ్య విధులలో నొకటి.

బస్తరు కొసనున్న తర్లగూడకు ఈ తగవుతో నేమి సంబంధమని అడుగవచ్చును. తర్లగూడ తెలంగాణ సరిహద్దున, గోదావరికి చేరువనున్న యూరు. అటనుండి దిగువకు సాగి గోదావరి అశ్వాపురము చేరుసరికి, ఆ నదీజలమునుండియే మణుగూరు భారజల కర్మాగారము భారజలమును వేరుచేయుచున్నది. సామాన్యజలమున దాదాపు ఏడువేల హైడ్రోజను పరమాణువులకు ఒక్కటి మాత్రమే భారమైనది. ఆ యొక్కదానిని ఏరుట 1991 నుండి అచ్చట జరుగుచున్న పని. సహజ యురేనియముతో నడచు మన రియాక్టర్లకు ఈ జలము కావలెను. అట్టి రియాక్టరులో వాడిన యింధనమున ప్లూటోనియము పుట్టును. దానితో విద్యుత్తునకు తోడ్పడు ఇంధనమును చేయవచ్చును, బాంబును చేయవచ్చును. కనుకనే కావలివాడు, కనుకనే వాని జీతపు తగవు.

1953 డిసెంబరు 8న ఐక్యరాజ్యసమితి మహాసభలో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవరు ఒక ప్రతిపాదన చేసెను. అణుపదార్థములు గల రాజ్యములు వానిలో కొంత భాగమును ఒక అంతర్జాతీయ సంస్థకు అప్పగింపవలెను. ఆ సంస్థ వానిని శాంతికార్యములకు పంచవలెను. అనగా సంస్థ మొదట కావలివాడుగా కంటె గాదెగా ఊహింపబడినది. గాదె నిండినచో సరుకు కొన్నవారి రుసుములతో ఖర్చులు కొంత గడచును. అమెరికా 5,000 కిలోల యురేనియము-235ను, సోవియటు యూనియను 50 కిలోలను, బ్రిటను 20 కిలోలను ఇత్తుమని వాగ్దానము చేసెను. కాని గాదె నిండలేదు. ఇంధనము కోరిన దేశములు అమెరికా మొదలగువానితో నేరుగా ఒడంబడికలు చేసికొనెను. తొలి యేండ్లలో జపాను మూడు టన్నుల సహజ యురేనియము కోరగా, కెనడా దానిని సంస్థకు ఉచితముగ నిచ్చెను. సంస్థ దానిని జపానుకు అమ్మెను. అట్టి బేరములు పెక్కు జరుగలేదు. వర్తకముతో పొట్టగడవదని తేలిన పిమ్మట సభ్యుల చందాలే సంస్థకు ఆధారమయ్యెను.

ఈ సంస్థ నిబంధనావళి రచనలో భారతదేశము ఆది నుండియు పాల్గొనెను. 1956లో వాషింగ్టనున చిత్తుప్రతిని చర్చించిన పండ్రెండు దేశములలో మనదియు నొకటి. ఆ యేటి శరత్కాలమున న్యూయార్కున జరిగిన మహాసమావేశమున హోమీ భాభా వాదము గట్టిగా వినిపించెను. పరుల సాయము కోరు పేదదేశములే తనిఖీకి లోబడవలెను. బాంబులు చేసికొన్న పెద్ద దేశముల నెవరును తనిఖీ చేయరు. ఇది ఎట్టి న్యాయమని ఆయన యడిగెను. వాడిన యింధనమునుండి తీసిన ప్లూటోనియమును ఎవరి యధీనమున నుంచవలెనను అంశమున సభ విచ్ఛిన్నమగునో యని భయపడినంత పట్టుదల ఏర్పడి, తుదకు రాజీ కుదిరెను. 1956 అక్టోబరులో ఆమోదింపబడిన నిబంధనావళి 1957 జూలై 29న అమలులోనికి వచ్చెను.

ధనవిషయము దాని 14వ అధికరణమున నున్నది. పాలనావ్యయమును, అందులో తనిఖీల ఖర్చును, సభ్యులందరు తమ స్థోమతు ననుసరించి భరింపవలెను; అందుకు ఐక్యరాజ్యసమితి చందాల పద్ధతియే మార్గదర్శకము. దేశములకు చేయు సాంకేతిక సాయము మాత్రము ఎక్కువగా స్వచ్ఛంద విరాళములపై నిలిచెను. ఈ భేదమే తరువాతి తగవులన్నిటికి మూలము. కాపలా చందా విధిగా రావలెను. పంట పెంచు విద్యకు, కాన్సరు చికిత్సకు తోడ్పడు సొమ్ము దాతల యిష్టముపై నాధారపడవలెను. పేదదేశముల అసంతృప్తికి కారణము కలదు.

అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒడంబడిక 1970లో అమలులోనికి రాగా తనిఖీల పని పెరుగునని తేలెను. భారతదేశము ఆ ఒడంబడికపై సంతకము చేయలేదు, నేటికిని చేయలేదు. ఆ ఖర్చు నెవరు మోయవలెనను చర్చ ఆనాటి సంఘమున దీర్ఘముగా సాగెను. కడకు 1971లో మహాసభ ఒక ఏర్పాటు నంగీకరించెను: తక్కువ ఆదాయము గల దేశములపై తనిఖీల భారము పెరుగకుండ ఒక అడ్డుగోడ కట్టి, మిగిలిన భారమును సంపన్నదేశముల చందాలో కలిపిరి. దౌత్యమున ఇట్టి ఫలము దొరకుట యరుదు.

పెద్ద ఆసామి యలిగినచో నేమగునో 1982లో తెలిసెను. ఇరాకు రియాక్టరుపై ఇజ్రాయిలు 1981లో బాంబులు వేసిన తరువాత, మరుసటి యేటి మహాసభ ఇజ్రాయిలు ప్రతినిధుల యధికారపత్రములను నిరాకరించెను. అమెరికా వాకౌటు చేసి, చందా నాపి, 1983లో తిరిగి వచ్చెను. సాధారణ బడ్జెటులో సుమారు నాలుగవవంతు ఆ యొక్క దేశమే ఇచ్చుచున్నందున, ఆ కొలది నెలలు సంస్థకు గడ్డుకాలమే. ఆ దశాబ్దపు నడుమ నుండి బడ్జెటు నిజవిలువలో పెరుగరాదను నియమమును సంపన్నదేశములే పట్టుకొని కూర్చుండెను. పని పెరిగినను మేర పెరుగలేదు. 2003లో అమెరికా ప్రోద్బలముతో ఆ గడ్డు విడివడి తనిఖీలకు నిధులు హెచ్చెను; వర్ధమానదేశములు సాంకేతిక సాయమునకును అట్లే ధనము పెరుగవలెనని పట్టుబట్టెను. 2015 నాటి ఇరాను ఒప్పందము అమలు చూచుటకు ఏటేట 9.2 మిలియను యూరోలు కావలసి వచ్చినపుడు, అందధిక భాగము మరల విరాళముగనే సేకరింపవలసి వచ్చెను. ఒక దేశముపై తనిఖీకి మరికొన్ని దేశములు విడిగా సొమ్ము నిచ్చుట చూచినచో కళ్ళమునాటి శంక తిరిగి లేచుట సహజమే.

ఈ కథ తెలుగునేలకు అత్యంత సమీపమునకు వచ్చినది హైదరాబాదుననే. 1971లో స్థాపితమైన అణు ఇంధన సముదాయమున తారాపూరు రియాక్టర్లకు ఇంధనము తయారయ్యెను. ఆ యురేనియము అమెరికానుండి వచ్చినది గనుక, 1971 నాటి త్రైపాక్షిక ఒడంబడిక ప్రకారము సంస్థ పరిశీలకుల లెక్కకు లోబడినది. 2005లో భారత-అమెరికా ఒప్పందపు బీజము పడి, 2006లో మన ప్రభుత్వము పౌర, పౌరేతర కర్మాగారములను వేరుపరచెను. భారజల కర్మాగారములలో థాల్, తూత్తుకుడి, హజీరాలు పౌర పట్టికలోనికి వచ్చెను; మణుగూరు రాలేదు. గోదావరి నీటితో చేసిన ఆ జలము వియన్నా లెక్కకు వెలుపలనే నిలిచెను. 2008 ఆగష్టు 1న సంస్థ పాలకమండలి కొత్త ఒడంబడిక నామోదించెను. 2009 ఫిబ్రవరి 2న సంతకములయ్యెను. ఖర్చుల విషయమున అందున్న యేర్పాటు క్లుప్తమైనది: ఒడంబడిక ప్రకారము తమతమ బాధ్యతల ఖర్చును భారతదేశమును, సంస్థయు ఎవరికి వారే భరింపవలెను, సంస్థ వ్రాతమూలముగా కోరినందున కలిగిన ప్రత్యేక వ్యయములను మాత్రము సంస్థయే మనకు తిరిగి చెల్లింపవలెను.