గొలుసుల చప్పుడు కాదు, కళింగం

మలేషియాలో కొన్నాళ్లున్న మనలో ‘కెలింగ్’ అన్న మాట వినని వాళ్లుండరు. వింటే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఇప్పుడది తిట్టు. అదెలా పుట్టిందని అడిగితే చాలామంది ఒకటే కథ చెప్తారు. ఇంగ్లీషువాళ్లు ఇండియా నుంచి ఖైదీలను తెచ్చి రోడ్లు వేయించారట, వాళ్ల కాళ్ల గొలుసులు ‘క్లింగ్ క్లింగ్’ మనేవట, అందుకని మనకా పేరట. ఈ కథ తప్పండీ. మెలాకాలో కంపుంగ్ క్లింగ్ మసీదు 1748లోనే కట్టారు. ఇంగ్లీషువాళ్ల ఖైదీల ఓడలు ఇటు రావడానికి అది ఎంతో ముందు. ఆ మాట కళింగం నుంచి వచ్చింది, అంటే మన శ్రీకాకుళం వైపు తీరం నుంచి. ఓడల మీద వ్యాపారానికి వచ్చినవాళ్ల పేరది.

అయితే ఖైదీలు రావడం మాత్రం నిజమే. మన గ్రూపుల్లో ఏదైనా నేరం వార్త రాగానే “ఉరి తియ్యాలి”, “జైల్లోనే కుళ్లిపోవాలి” అని వరసగా మెసేజీలు పడతాయి కదా, అందుకే వాళ్ల సంగతి చెప్పాలనిపించింది.

1786లో పెనాంగ్ ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. అడవి కొట్టాలి, రోడ్లు వెయ్యాలి, కూలీలు లేరు. 1790ల నుంచి కలకత్తా, బొంబాయి, మద్రాసు నుంచి ద్వీపాంతర శిక్ష పడినవాళ్లను పంపడం మొదలుపెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అందులో మన కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. అందరూ దొంగలూ హంతకులే అనుకోకండి. 1802లో శివగంగ మరుదు సోదరుల తిరుగుబాటులో పట్టుబడిన 70 మందికి పైగా మనుషుల్ని ఒకే ఓడలో పెనాంగ్‌కు పంపేశారు. సముద్రం దాటితే కులం పోతుందనుకునే రోజులవి. ఇంట్లోవాళ్లకి మనిషి బతికుండగానే పోయినట్టు. పిల్లలతో వెనక మిగిలిపోయిన ఆడవాళ్ల గురించి మాత్రం ఏ రికార్డూ పెద్దగా మాట్లాడదు.

పెనాంగ్ ఫెర్రీ ఎక్కే ఊరు బటర్‌వర్త్ మీకు తెలుసుగా. ఆ పేరు గవర్నర్ బటర్‌వర్త్‌ది, మద్రాసు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన హయాంలో, 1840లలో, ఖైదీలకు కొత్త నియమాలు రాశారు. వాళ్లను ఆరు తరగతులుగా విడదీశారు. కొత్తగా వచ్చినవాడి కాళ్లకు ఇనుము. బుద్ధిగా ఉంటే కొన్నేళ్లకు ఆ ఇనుము పోతుంది, పై తరగతికి వెళ్తాడు. ఇంకా పైకొస్తే తోటి ఖైదీల మీద చిన్న అధికారి అవుతాడు. చివరికి టికెట్ చేతికొస్తుంది, ఊళ్లో ఉండి సొంతంగా సంపాదించుకోవచ్చు. తప్పు చేస్తే మళ్లీ కిందికే. ఇటుకలు కాల్చడం, వడ్రంగం, రాతిపని, అచ్చుపని కూడా నేర్పారు. సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్, ఇప్పుడు అధ్యక్షుడి భవనమైన ఇస్తానా వాళ్ల చేతులతో లేచినవే. ఆ ఖైదీలను చూసుకున్న మెక్‌నెయిర్ అనే అధికారి 1899లో ఒక పుస్తకమే రాశాడు. ఖైదీలే తమకు తాము కాపలాదారులు అని దాని పేరుకు అర్థం.

ఇదంతా దయతో చేశారని నేననను. జీతమిచ్చి వార్డర్లను పెట్టుకోవడం ఖర్చు, ఖైదీ అయితే చవక. కానీ చవక కోసం చేసిన పనిలోనే ఒక మంచి జరిగిపోయింది: లోపలున్న మనిషికి బయటికెళ్లే దారి కనబడింది. ఏ రోజు ఏం చేస్తే ఎంత దగ్గరవుతానో వాడికి తెలుసు. నర్సులకిది చెప్పక్కర్లేదు. రేపు లేచి నాలుగడుగులు వేస్తావని చెప్పిన పేషెంటుకీ, ఏమీ చెప్పకుండా మంచంలో పడేసిన పేషెంటుకీ తేడా మనం వార్డులో చూస్తూనే ఉంటాం.

ఆ పద్ధతి ఎందుకు పోయిందంటే, ఇండియాలో నేరస్థులందరినీ మా ఊరిమీద పారేస్తారా అని ఇక్కడి వ్యాపారులు, తెల్లవాళ్లు గోల పెట్టారు. 1857 తిరుగుబాటు తర్వాత ఆ భయం ఇంకా పెరిగింది. 1867లో పాలన ఇండియా చేతినుంచి నేరుగా లండన్‌కు మారింది, 1873లో మిగిలిన ఖైదీలను అండమాన్‌కు తరలించారు.

తర్వాత కౌలాలంపూర్‌లో పుడు జైలు వచ్చింది, 1891 నుంచి 1895 దాకా కట్టారు. ఎత్తు గోడలు, వరసగా చీకటి గదులు, ఉరికంబం. 1980లకు అది కిక్కిరిసిపోయింది. 1986 అక్టోబరులో ఆరుగురు ఖైదీలు లోపల పనిచేసే డాక్టరునీ, ల్యాబ్ టెక్నీషియన్‌నీ ఆరు రోజులపాటు బందీలుగా పట్టుకున్నారు. చివరికి రక్తం చిందకుండానే వాళ్లను విడిపించారు. 1996లో జైలు మూసేశారు. దాని బయటి గోడ మీద ఒక ఖైదీ గీసిన పొడవాటి బొమ్మలుండేవి, 2010లో ఆ గోడ కూల్చేశారు. ఇప్పుడక్కడే లాలాపోర్ట్ మాల్ ఉంది. పాత గేటు మాత్రం ఉంచారు, షాపింగ్‌కి వెళ్తే చూడండి.

2023లో మలేషియా తప్పనిసరి మరణశిక్షను తీసేసింది. ఉరిశిక్ష అసలు లేకుండా పోలేదు, కానీ ఇప్పుడు జడ్జికి ఎంచుకునే వీలుంది: ఉరి, లేదా 30 నుంచి 40 ఏళ్ల జైలు. చచ్చేదాకా జైల్లోనే ఉంచే శిక్ష కూడా పోయింది. అప్పటికే శిక్ష పడి ఉన్న వెయ్యి మందికి పైగా ఫెడరల్ కోర్టును మళ్లీ చూడమని అడుక్కునే వీలు దొరికింది. ఆ లెక్క అరెస్టయిన రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, చాలా ఏళ్లు లోపలే గడిపేసినవాళ్లకు గేటు మరీ దూరమేం కాదు. 20 ఏళ్లప్పుడు లోపలికెళ్లినవాడు నడివయసులో బయటికొస్తాడు. బటర్‌వర్త్ నియమాల్లో ఆ వయసుకి వాడికి ఒక పనీ, చేతిలో టికెట్టూ ఉండేవి. ఇప్పుడు వచ్చేవాడికి గది అద్దెకిచ్చేదెవరు, కొట్లో పనిచ్చేదెవరు? మన వాళ్లకే ఇక్కడ ఎన్ని కొట్లు, ఎన్ని రెస్టారెంట్లు ఉన్నాయో మీకు తెలుసు.