టైమింగ్ చైన్ అమరిక

టైమింగ్ చైన్ అనగా కారు ఇంజనులోని క్రాంక్ షాఫ్టును, క్యామ్ షాఫ్టును కలిపి, ఆ రెండింటినీ ఒక నిర్ణీత లెక్క ప్రకారం తిప్పే ఉక్కు గొలుసు. మరమ్మత్తు కోసం విప్పిన ఇంజనును తిరిగి బిగించేటప్పుడు ఈ గొలుసును సరైన స్థానంలో వేయడాన్ని టైమింగ్ సెట్ చేయడం అంటారు. గొలుసు ఒక్క పన్ను తప్పినా ఇంజను శక్తి తగ్గుతుంది. కొన్ని రకాల ఇంజన్లలో తేడా ఎక్కువైతే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

పనిచేసే విధానం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో చూషణం, సంపీడనం, శక్తి, నిష్కాసం అనే నాలుగు దశలు పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఈ కాలంలో ప్రతి వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకోవాలి. కనుక క్యామ్ షాఫ్టు ఒక చుట్టే తిరగాలి. ఇందుకోసం క్యామ్ షాఫ్టు పళ్ళచక్రానికి క్రాంక్ షాఫ్టు పళ్ళచక్రం కంటే రెట్టింపు పళ్ళు ఉంటాయి.

ఉదాహరణకు ఈ చక్రాలకు 20, 40 పళ్ళు ఉన్నాయనుకుందాం. క్యామ్ చక్రం ఒక పన్ను తప్పితే దాని కోణంలో 9 డిగ్రీల తేడా వస్తుంది. క్రాంక్ షాఫ్టు లెక్కలో అది 18 డిగ్రీలు. వాల్వులు తెరుచుకోవలసిన, మూసుకోవలసిన సమయాలన్నీ అంతమేర ముందుకో వెనుకకో జరిగిపోతాయి.

అంబాసిడర్ ఇంజనులో అమరిక

హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్ కారులో చాలాకాలం వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజనుకు చెందినది. ఇందులో క్యామ్ షాఫ్టు సిలిండరు బ్లాకులోనే ఉంటుంది. అందువలన గొలుసు పొట్టిది, అమరిక సులభం. రెండు చక్రాల మీద చిన్న గుంట రూపంలో గుర్తులుంటాయి. అమర్చే క్రమం ఇది:

1. మొదటి సిలిండరు పిస్టను పైకొసకు చేరేలా క్రాంక్ షాఫ్టును తిప్పాలి. అప్పుడు దాని తాళపు గాడి పైవైపున ఉంటుంది.
2. క్రాంక్ చక్రం వెనుక ఉన్న పలుచని వాషర్లను పోగొట్టకూడదు. రెండు చక్రాల ముఖాలు ఒకే తలంలో ఉండేలా చేసేవి ఇవే. తలం సరిగా ఉన్నదో లేదో తిన్నని బద్దను ఆనించి చూడాలి.
3. చక్రాలను బల్లమీద గొలుసులో వేసి, రెండు గుర్తులూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా పట్టుకోవాలి.
4. ఆ స్థితి చెడకుండా రెండు చక్రాలనూ ఒకేసారి షాఫ్టులపైకి ఎక్కించాలి. క్యామ్ చక్రపు గాడి కుదరకపోతే క్యామ్ షాఫ్టును కొద్దిగా తిప్పాలే కాని గొలుసును జరపకూడదు.
5. క్యామ్ నట్టును బిగించి, లాకు వాషరు అంచును మడవాలి. తరువాత టెన్షనరు, ఆయిల్ త్రోయరు అమర్చి మూత పెట్టాలి.

రంగు లింకులు

క్యామ్ షాఫ్టు పైభాగంలో ఉండే అనేక ఆధునిక ఇంజన్లలో గొలుసుకే కొన్ని రంగు లింకులు ఉంటాయి. వాటిని చక్రాల గుర్తులతో కలపాలి. ఇంజనును రెండు చుట్లు తిప్పిన తరువాత చక్రాల గుర్తులు మళ్ళీ స్థానానికి వస్తాయి, కాని రంగు లింకులు రావు. ఇది పొరపాటు కాదు. పై ఉదాహరణలోని చక్రాలపై 52 లింకుల గొలుసు ఉంటే, రంగు లింకులు మళ్ళీ గుర్తులతో కలవడానికి క్రాంక్ షాఫ్టు 26 చుట్లు తిరగాలి. ఈ సంగతి తెలియక సరిగా ఉన్న గొలుసును విప్పి మళ్ళీ తప్పుగా వేసే అవకాశం ఉన్నది.

పరీక్ష

గుర్తులు కలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. గొలుసు లాగబడే వైపు బిగువుగా ఉండి, వదులంతా టెన్షనరు వైపే ఉండాలి. టెన్షనరు బందును విడిచిన తరువాత గుర్తులను మరల చూడాలి. తరువాత స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజను తిరిగే దిశలోనే చేతితో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలం ఉపయోగించరాదు. వాల్వు పిస్టనుకు తగిలి ఉండవచ్చు. చేతితో తిప్పినప్పుడు ఆగితే సరిచేసుకోవచ్చు. స్టార్టరుతో తిప్పితే ఆ అవకాశం ఉండదు.

సాధారణ పొరపాట్లు

* పిస్టను పైకొసకు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది: ఒకసారి సంపీడనం చివర, మరొకసారి నిష్కాసం చివర. డిస్ట్రిబ్యూటరు ఉన్న ఇంజనులో దానిని అమర్చేటప్పుడు మొదటి సిలిండరు సంపీడనం చివర ఉండాలి. 1-3-4-2 వరుస గల ఇంజనులో అప్పుడు నాలుగవ సిలిండరు వాల్వులు కదులుతూ ఉంటాయి.
* అరిగి సాగిన గొలుసునే తిరిగి వేయడం. పిన్నులు, బుష్షులు అరిగేకొద్దీ గొలుసు పొడవు పెరిగి, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి.
* ఇంజనును వెనుకకు తిప్పడం. టెన్షనరు వైపు గొలుసు బిగిసి, రెండవ వైపు వదులై, గొలుసు పన్ను దాటవచ్చు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* క్రాంక్ షాఫ్టు
* అంబాసిడర్ కారు